చెల్టన్‌హామ్‌లో గుర్రాలు బంగారం, గది మాత్రం నిలువు దోపిడీ

ఇంగ్లండ్‌లో మార్చిలో జరిగే గుర్రప్పందేల పండుగ, చెల్టన్‌హామ్ ఫెస్టివల్‌కి వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు ముందుగా ఒక్క మాట. ఆ మార్చి వారంలో ఆ ఊళ్లో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ గది తీసుకోకండి. 2025లో మా దగ్గర రెండు రాత్రులకు 520 పౌండ్లు వసూలు చేశారు, క్లీనింగ్ పేరుతో ఇంకో 40 అదనం. ఏప్రిల్ మధ్యలో చూస్తే అదే గది రాత్రికి 85. మా వారు ఇప్పటికీ ఫోన్‌లో ఆ ధర తీసి నాకు చూపిస్తుంటారు, నేనేదో వాళ్ల పార్ట్‌నర్‌ని అయినట్టు.

వెళ్లింది మామగారి కోసం. ఆయన మలక్‌పేట రేసుకోర్సులో తల నెరిసిన మనిషి. అక్కడ అంతా చదును నేల మీద పరుగే. కంచెలు దూకే రేసులు ఆయన టీవీలో తప్ప చూడలేదు. న్యూకాజిల్ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది, చెప్పడానికేమీ లేదు.

గది సంగతి చెప్పాలి. 'రేసుకోర్సుకి పది నిమిషాలు' అని రాశారు. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే నిజమే కావచ్చు. రేసులయ్యాక టాక్సీలో గంటంబావు పట్టింది, 45 పౌండ్లు. గది ఇంటి పైకప్పు కింద, అటక మీద. కప్పు వాలుగా ఉండటంతో మామగారు లేచిన ప్రతిసారీ తల కొట్టుకున్నారు. రాత్రి పదికి హీటర్ దానంతటదే ఆగిపోయింది. కిందికెళ్లి అడిగితే, 'అది టైమర్, నేనేం చేయలేను' అంది ఇంటావిడ. ఇంకో దుప్పటి ఇమ్మంటే ఒక్కోదానికి ఐదు పౌండ్లు! డబ్బు చేతిలో పడేదాకా అల్మరా తలుపు కూడా తీయలేదు. మామగారు కోటు, మఫ్లర్, మంకీ క్యాప్‌తోనే పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. ఆయన మాట్లాడకపోవడమే మా వారికి ఎక్కువ టెన్షన్.

'బ్రేక్‌ఫాస్ట్ ఉంది' అన్నదానికి అర్థం పొద్దున తెలిసింది. ఉంది, మనిషికి 14 పౌండ్లకి. కానీ మేం పెట్టిన డబ్బులో న్యాయంగా గిట్టుబాటైంది ఆ బల్ల దగ్గరే. అదే ఇంట్లో దిగినవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, సోమర్‌సెట్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆ ఏడు ఐరిష్ పెద్దాయన స్నేహితుల్లో సగం మంది ఇక్కడికి రాకుండా స్పెయిన్‌లోని బెనిడార్మ్‌కి పోయారట. విమానం, హోటలు, తిండి అన్నీ కలిపినా ఇక్కడి గది అద్దెకంటే తక్కువేనట, రేసులు అక్కడి బార్‌లో టీవీలో చూస్తారట. అది విని మా వారు తింటున్న టోస్టు పక్కన పెట్టేశారు.

మామగారు మాత్రం రాత్రి నుంచి మొదటిసారి నోరు విప్పి, ఇన్నేళ్లలో అన్నిటికంటే గొప్ప గుర్రం ఏది అని అడిగారు. అంతే. టీ మూడుసార్లు చల్లారింది.

ఐరిష్ పెద్దాయనకి ఆర్కిల్ తప్ప వేరే దేవుడు లేడు. చెల్టన్‌హామ్‌లో అన్నిటికంటే పెద్ద రేసు గోల్డ్ కప్, అది 1964, 65, 66ల్లో వరుసగా మూడుసార్లు గెలిచింది. గుర్రాల సత్తాకి అంకెలు కట్టే టైమ్‌ఫామ్ సంస్థ ఇచ్చిన రేటింగ్ 212, దూకే గుర్రాల్లో ఇప్పటికీ అదే శిఖరం. బలమైన గుర్రానికి ఎక్కువ బరువు మోయించి పోటీ సమం చేసే రేసుల్లో, ఆర్కిల్ బరిలో ఉంటే మిగతావాటికి బరువులు సర్దడం కుదరక, ఆర్కిల్ వస్తే ఒక పట్టిక, రాకపోతే ఇంకో పట్టిక తయారు చేసేవారట. దాని దాణాలో రోజూ గిన్నిస్ బీరు పోసేవారని చెప్పుకుంటారు. 'ఇప్పుడు రేసుకోర్సులో గ్లాసు గిన్నిస్ రేటు చూస్తే ఆర్కిల్ కూడా మానేసేది' అన్నాడాయన.

సోమర్‌సెట్ దంపతులది ఇంటి గొడవ. ఆయన డెన్‌మన్ మనిషి, ఆవిడ కాటో స్టార్ మనిషి. రెండూ వాళ్ల సోమర్‌సెట్‌లోనే, డిచీట్ అనే ఊళ్లో ట్రైనర్ పాల్ నికల్స్ లాయంలో పక్కపక్క గదుల్లో ఉన్న గుర్రాలే. కాటో స్టార్ 2007లో గోల్డ్ కప్ గెలిచింది, 2008లో డెన్‌మన్ దాన్ని చిత్తు చేసింది, 2009లో కాటో స్టార్ తిరిగి లాక్కుంది. పోగొట్టుకున్న గోల్డ్ కప్‌ని మళ్లీ గెలిచిన మొదటి గుర్రం అదే. కెంప్టన్ అనే ఇంకో రేసుకోర్సులో కింగ్ జార్జ్ రేసు అయిదుసార్లు గెలిచింది కూడా. 'ఆ 2008 రోజున మాత్రం ఇంట్లో వంట లేదు' అన్నాడు భర్త. 'నీకు లేదు, నేను తిన్నాను' అంది భార్య. మామగారు పడీపడీ నవ్వారు.

ఆ రోజు మంగళవారం, చాంపియన్ హర్డిల్ అనే పెద్ద రేసు. హర్డిల్ అంటే దూకాల్సిన చిన్న కంచె. కాన్‌స్టిట్యూషన్ హిల్ మీద అందరికీ నమ్మకం. పదిసార్లు పరుగెత్తి పదిసార్లూ గెలిచిన గుర్రం, ధర 1/2. అంటే పది పెడితే లాభం ఐదు. మామగారికి ఇది నచ్చలేదు. 'మలక్‌పేటలో ఇలాంటి ధరకి డబ్బు పెట్టేవాణ్ని ముందు ఇంటికి పంపించేవాళ్లం, అమ్మా' అన్నారు. సోమర్‌సెట్ ఆవిడ గోల్డెన్ ఏస్ పేరు చెప్పింది. కారణం గుర్రం కాదు, దాని ట్రైనర్ జెరెమీ స్కాట్ వాళ్ల జిల్లావాడు. ధర 25/1. మామగారు ఐదు పౌండ్లు పెట్టారు.

ట్యాటర్సల్స్ అనే తరగతి టికెట్లు ముగ్గురికీ కలిపి 230 పైచిలుకు. రేసుకి ముందు గుర్రాల్ని నడిపించే పరేడ్ రింగ్ దాకా వెళ్లనిస్తారు కాబట్టి నాకు దండగ అనిపించలేదు. చాంపియన్ హర్డిల్‌లో కాన్‌స్టిట్యూషన్ హిల్ సగం దారిలో పడిపోయింది. అది లేచి నిలబడేదాకా నా పక్కనున్నవాళ్లెవరూ రేసు చూడలేదు, అటే చూస్తున్నారు. ముందున్న స్టేట్ మ్యాన్ గెలుస్తుందనుకుంటే అదీ చివరి హర్డిల్ దగ్గర కూలింది. గోల్డెన్ ఏస్ గెలిచింది. మామగారు బుకీ దగ్గర 130 పౌండ్లు తీసుకుని, 'ఇది దాని గెలుపు కాదు, వాటి పడటం' అన్నారు. అయినా నోట్లు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టారు.

తర్వాత ఆర్కిల్ విగ్రహం దగ్గరికి వెళ్లాం. బెస్ట్ మేట్, గోల్డెన్ మిల్లర్, డాన్ రన్ విగ్రహాలూ ఉన్నాయి. నా ఓటు డాన్ రన్‌కి. చాంపియన్ హర్డిల్, గోల్డ్ కప్ రెండూ గెలిచిన ఒకే ఒక్క గుర్రం అది, అదీ ఆడగుర్రం. 1986లో గోల్డ్ కప్ గెలిచిన కొన్ని నెలలకే ఫ్రాన్స్‌లో రేసులో పడి చనిపోయింది. బెస్ట్ మేట్ కూడా 2005లో ఎక్సెటర్‌లో రేసు రోజునే పోయింది. ఇది తెలిశాక మామగారు కాసేపు మాట్లాడలేదు. 'మన చదును రేసులే నయమేమో' అన్నారు. నాకూ దీనికి జవాబు లేదు.

శుక్రవారం గోల్డ్ కప్ ఇంట్లో టీవీలో చూశాం. గాలోపిన్ డి షాంప్స్ గెలిస్తే వరుసగా మూడోసారి, ఆర్కిల్, బెస్ట్ మేట్‌ల సరసన చేరేది. ఆలస్యంగా 25,000 పౌండ్లు కట్టి చేర్పించిన ఐనోదవేయుర్‌థింకిన్ దాన్ని ఓడించింది. ఆ పేరు పలకడంలోనే మామగారికి ఊపిరి అయిపోయింది. ఐరిష్ పెద్దాయన ఆ సాయంత్రం గిన్నిస్ ధర లెక్కచేసి ఉండడు.

వెళ్లేవాళ్లు బర్మింగ్‌హామ్‌లో గానీ బ్రిస్టల్‌లో గానీ గది తీసుకుని పొద్దున్నే రైల్లో రండి. స్టేషన్ నుంచి రేసుకోర్సు దూరమే, బస్సులో వెళ్లండి. ఫెస్టివలే కావాలనే పట్టు లేకపోతే నవంబర్ మీటింగ్‌కి గానీ, జనవరిలో ట్రయల్స్ డేకి గానీ రండి. అవే కంచెలు, అదే ఎగువదారి, జనం తక్కువ. ఇక ఆ ఇంటావిడకి హీటర్ గురించి రాశాం. దుప్పట్ల డబ్బు తిరిగి ఇచ్చింది, మిగతా దానికి జవాబు లేదు. మా వారు ఒక స్టార్ ఇచ్చారు. మామగారు బ్రేక్‌ఫాస్ట్ బల్లకి ఇంకో స్టార్ కలపమన్నారు. ఇంట్లో ఇంకా తేలలేదు.