రాత్రి చెమట, వింత వాసన: ముందు వంటింట్లో వెతకాలా, దవాఖానకు పోవాలా?

"రాత్రిపూట చెమట పడుతోంది, పైగా అదో రకం వాసన" అని చెప్పి చూడండి, మన దగ్గర రెండు సలహాలు తయారుగా ఉంటాయి. ఏం కాదు, ఉక్కపోత అంటారు కొందరు. ఒళ్లంతా టెస్టులు చేయించుకో అంటారు ఇంకొందరు. నా లెక్కలో రెండూ తొందరపాటే. చెమటకూ వాసనకూ కారణం ఒకటే కావాలని లేదు. విడదీసి చూస్తే ఎటు పోవాలో తెలుస్తుంది.

ముందు వాసన సంగతి. చర్మం మీదికి వచ్చిన క్షణాన చెమటకు పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఊరే చిక్కటి చెమట అక్కడి బ్యాక్టీరియాకు తిండి అయ్యాకే కంపు మొదలవుతుంది. తిన్నదీ తాగిందీ కూడా అందులో కలుస్తాయి: వెల్లుల్లి, ఉల్లి, దావత్‌లో పుచ్చుకున్న మందు. మెంతులైతే మరీనూ. షుగర్ ఉన్న ఇళ్లల్లో రాత్రి నానబెట్టిన మెంతులు పొద్దున్నే నమలడం మామూలే కదా. వాటిలోని సోటోలాన్ అనే పదార్థం చెమట వెంట బయటికొస్తుంది. దిండు గలీబు ముక్కు దగ్గర పెట్టుకుంటే కాగిన పాకం వాసన! అది రోగం కాదు. కొన్నాళ్లు మెంతులు ఆపితే తేలిపోతుంది.

ఇంకో దొంగ ఉంది, ఎవరూ అనుమానించరు: కూలర్. వరంగల్, హన్మకొండల్లో వానలు పడ్డాక కూడా దాన్ని ఆపబుద్ధి కాదు. బయటి గాలే తేమగా ఉంటే కూలర్ ఇంకింత తేమ కలుపుతుంది, ఒంటి మీది చెమట ఆరదు. తొట్టిలో నీళ్లు మురిగి, గడ్డి మెత్తలకు నాచు పడితే ఆ వాసన పక్కబట్టలకు పట్టుకుంటుంది. మనిషేమో తన ఒంట్లోనే ఏదో తేడా ఉందని బుగులు పడతాడు. మెత్తలు మార్చి, తొట్టి కడిగి చూడండి.

ఒక్క వాసన దగ్గర మాత్రం వంటింట్లో వెతుకుతూ కూర్చోవద్దు. ఊపిరిలో మాగిన పండులాగో, గోళ్ల రంగు తుడిచే రిమూవర్‌లాగో వాసన వస్తుంటే అవి కీటోన్లు, అంటే ఒళ్లు చక్కెరకు బదులు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే పదార్థాలు. ఉపవాసంతోనో, అన్నం మానేసిన డైట్‌తోనో వస్తే అంత భయం లేదు. షుగర్ ఉన్న మనిషికి వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తోడైతే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకుపోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోలీ వాడేవాళ్లలో షుగర్ మరీ ఎక్కువ లేకున్నా ఈ ప్రమాదం రావచ్చు.

ఇక చెమట. గది చల్లగానే ఉన్నా బనియన్, దుప్పటి మార్చాల్సినంతగా తడుస్తుంటే, వాసన లేకపోయినా పట్టించుకోవాల్సిందే. ఇక్కడ నేను ముందు చూసేవి రెండు: షుగర్ డౌన్ కావడం, టీబీ.

షుగర్ పడిపోతే చెమట చల్లగా, జిగటగా ఉంటుంది. గుండె దడ, చేతుల వణుకు, ఆకలి, పీడకలలు, పొద్దున తలనొప్పి. ఇన్సులిన్ వాడేవాళ్లు, గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ వేసుకుని రాత్రి అన్నం ఎగ్గొట్టేవాళ్లు ముందు దీన్నే అనుమానించాలి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. పొద్దున టెస్ట్ చేస్తే అంతా బాగానే కనిపించొచ్చు. అందుకే మెలకువ వచ్చినప్పుడే, చెమట వేలు కడిగి తుడుచుకుని, గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. గోలీ మోతాదు సంగతి డాక్టర్‌కే వదిలేయాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

టీబీ తీరు వేరు. సాయంత్రాలు సన్నజ్వరం, రాత్రి తడిసిపోవడం, రెండు వారాలు దాటిన దగ్గు, లూజైపోతున్న ప్యాంటు. దానికంటూ ఒక వాసన ఉండదు. వాసన మీదే ధ్యాస పెట్టిన మనిషికి ఇది తప్పిపోయేది అందుకే. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో రాతి దుమ్ము పీల్చేవాళ్లకూ అంతే. ఆర్‌ఎంపీ దగ్గర లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడితే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, అసలు జబ్బు బయటపడడమే ఆలస్యమవుతుంది. సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష ఉచితం. ఇవ్వాల్సింది నోట్లో ఉమ్మి కాదు, పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ.

నలభై దాటిన ఆడవాళ్లకు నెలసరి తప్పుతూ ఒంట్లోంచి ఆవిర్లు వస్తుంటే అది వయసు మార్పు కావచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా, డిప్రెషన్ గోలీలతోనూ చెమట పడుతుంది. మెడలో, చంకలో గడ్డ తగిలితే మాత్రం తాత్సారం వద్దు. అది టీబీ గడ్డ కావచ్చు, లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు.

ఏది మేలంటే, జ్వరం లేదు, బరువు తగ్గలేదు, దుప్పటి మార్చేంత చెమట లేదు, గడ్డలు లేవు, షుగర్ గోలీలూ ఇన్సులినూ లేవు అన్నవాళ్లు ఒక వారం మెంతులు, మందు, కూలర్, బట్టల సంగతి చూసుకోవచ్చు. మిగతావాళ్లకు దవాఖానే ముందు. పోయేటప్పుడు వాడుతున్న గోలీల స్ట్రిప్పులన్నీ, చెమట పట్టిన వేళా జ్వరమూ రాసుకున్న చీటీ వెంట తీసుకుపోండి. డాక్టర్‌కు వాటి గురించి ముందు చెప్పి, వాసన మాట తర్వాత ఎత్తినా నష్టం లేదు.