చిలకరింపా, ముంచడమా? మేమైతే ఇలా తేల్చుకున్నాం

మా పాపకి ఏడో నెల రాకముందే రెండు వైపుల నుంచీ ఒకటే ప్రశ్న: బాప్తిస్మం ఎప్పుడు? మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, పసిబిడ్డలకే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తాం. మా ఆవిడది ఒంగోలు వైపు బాప్టిస్టు, నమ్మి అడిగినవాళ్లనే నీళ్లలో ముంచుతారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు చేరారు, తర్వాత బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో పాతుకున్నారు. ఎవరి తాతల ఊరు ఏ మిషన్ కిందకి వచ్చిందన్నదే సగం తేల్చేసింది. ఇలాంటి పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు తరచూ అడుగుతున్నారని రాస్తున్నా.

నీళ్ల కొలత సంగతి ముందు చెప్పేస్తా. బైబిల్లో పెంతెకొస్తు పండుగ నాడు బాప్తిస్మం పొందిన 3,000 మందిని ఒక్కరోజులో ముంచడం అయ్యే పనేనా అని మావాళ్లు అడుగుతారు. మామగారి దగ్గర జవాబు సిద్ధం: 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందిని ముంచారు. ఒకసారికి ఇద్దరే బోధకులు నీళ్లలో, వాళ్లు అలిస్తే మరో ఇద్దరు. మొత్తం ఆరుగురు. "అపొస్తలులు పన్నెండుమంది కదా!" అంటారు. ఆ లెక్క చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. అయితే దిదాఖే అనే తొలినాటి క్రైస్తవ పుస్తకం పారే నీళ్లకే మొదటి చోటిచ్చినా, చాలినన్ని నీళ్లు లేకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. కాబట్టి పోస్తే చెల్లదనే మాట నేనొప్పుకోను.

అసలు పేచీ ఎవరికివ్వాలన్న దగ్గరే. మావాళ్ల బలం అపొస్తలుల కార్యములు 16. ఫిలిప్పీ చెరసాల నాయకుడూ, అతని "ఇంటివారందరును" ఆ రాత్రే బాప్తిస్మం పొందారు. అదే అధ్యాయంలో లూదియ ఇల్లూ అంతే, 1 కొరింథీయులు 1లో స్తెఫను ఇల్లూ అంతే. ఇన్ని ఇళ్లలో ఒక్క పసిబిడ్డైనా ఉండడా అంటారు. మామగారు 32వ వచనం చూపిస్తారు: ఇంట్లో ఉన్న అందరికీ వాక్యం బోధించారు కదా అని. నేను 34 చూపిస్తా. అక్కడ మన తెలుగు బైబిల్లో "విశ్వాసముంచినవాడై" అని ఏకవచనం. నమ్మింది అతను, ఆనందించింది ఇంటిల్లిపాదీ. గ్రీకులోనూ "నమ్మి" అన్నది ఏకవచనమే. "ఇంటిల్లిపాదిగా" అన్న మాట మాత్రం ఆనందానికీ నమ్మకానికీ మధ్యన కూర్చుంది, ఎటైనా కలుపుకోవచ్చు. అంటే ఈ వచనం మీద ఎవరూ గెలవరు.

నన్ను కదిలించింది రెండు అధ్యాయాల తర్వాత వచ్చే క్రిస్పు, కొరింథులో యూదుల సమాజమందిరపు అధికారి. అతను తన ఇంటివారందరితో కూడా ప్రభువును నమ్మాడని 18:8 అంటుంది. ఉయ్యాల్లో బిడ్డ నమ్మదు కదా. అంటే ఈ పుస్తకం రాసిన లూకా "ఇంటివారందరు" అన్నప్పుడల్లా పసివాళ్లను లెక్కేసినట్టు కాదన్నమాట. ఇది చూశాక మావాళ్ల వాదనలో సగం గాలి పోయింది.

మిగిలిన సగం కొలొస్సయులు 2. యూదుల మగబిడ్డకి ఎనిమిదో రోజు సున్నతి చేసినట్టే ఇప్పుడు బాప్తిస్మం అన్న ఈ పోలిక నిజంగా గట్టిది, బాప్టిస్టులు తేలిగ్గా తీసేస్తారు గానీ. కాకపోతే 12వ వచనమే, క్రీస్తుతో కూడా లేవడం విశ్వాసం ద్వారా అంటుంది. ఆ మాట పసిబిడ్డకి ఎలా అతుకుతుందో నాకు ఎవరూ సరిగా చెప్పలేదు.

ముంచేవాళ్లకీ ఒక మాట. బాప్తిస్మానికి ముందు ఐతియొపీయుడైన నపుంసకుడు "యేసు దేవుని కుమారుడని నమ్ముతున్నాను" అన్న అపొస్తలుల కార్యములు 8:37 మీద వాదన కట్టొద్దు, అతి ప్రాచీన ప్రతుల్లో ఆ వచనం లేదు. చిన్నపిల్లలను నా దగ్గరకు రానివ్వండి అన్న చోట నీళ్ల ఊసే లేదు, అది ఇద్దరికీ పనికిరాదు. కతోలికుల జ్ఞానస్నానం వాదన దాదాపు మా దారే. సాల్వేషన్ ఆర్మీ వాళ్లు అసలు బాప్తిస్మమే ఇవ్వరు. మా ఇళ్లలో ఆ ఊసు రాలేదు.

పాపను ప్రతిష్ఠ చేయించాం. అయ్యగారు ఎత్తుకుని ప్రార్థించారు, నీళ్లు లేవు. అమ్మ కాస్త ఏడ్చింది. బాప్తిస్మం పాప తనంతట అడిగినప్పుడే.

ఇక నా సంగతి. మా ఆవిడ వాళ్ల సంఘంలో మునగనివాడికి ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, లేదు. పళ్లెం నన్ను దాటి పక్క కుర్చీకి వెళ్తుంది. పసితనంలో పోసిన నీళ్లకి కన్ఫర్మేషన్ రోజు నా నోటితో ఒప్పుకున్నాను, అది చాలదా అంటాను. ఈ జవాబు మామగారికి ఆనదు. నిజం చెప్పొద్దూ, పైన రాసిందంతా రాశాక నాకూ పూర్తిగా ఆనడం లేదు. "అల్లుడుగారూ, మరి మీరెప్పుడు దిగుతారు?" అని పోయిన ఆదివారం కూడా అడిగారు.