టైరు గాలికి గేజ్: సుంకి ఘాట్ ఎక్కే బళ్ళకు ఏది కొనాలి

రాయగడ, జయపురం బజార్లలో టైరు గాలి చూసే గేజ్ అడిగితే సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి: పెన్నులాంటి కడ్డీ గేజ్, ముల్లు తిరిగే డయల్ గేజ్, సెల్లు వేసే డిజిటల్. మోటార్‌సైకిలుకైతే డయలే కొనండి. అదీ 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత, వాడుకలో పాయింట్లు) దగ్గర ఆగేది, జానెడు రబ్బరు గొట్టం ఉన్నది, గాలి వదిలే బటన్ ఉన్నది. ఈ మూడింట్లో ఏది లేకపోయినా డబ్బు దండగే.

60 ఎందుకంటే, గేజ్‌లో ఉండే తేడాను మొత్తం స్కేలు మీద లెక్కగడతారు. గ్రేడ్ బి (ఖచ్చితత్వాన్ని బట్టి ఇచ్చే తరగతి) డయల్‌లో స్కేలు నడిమి సగంలో 2 శాతం, రెండు చివర్లలో 3 శాతం దాకా తేడా ఉండొచ్చు. 60 గేజ్‌లో 28 పాయింట్లు సరిగ్గా నడిమి భాగంలో పడతాయి కాబట్టి తేడా 1.2 మించదు. పెద్ద బళ్ళకు వాడే 160 గేజ్‌లో అదే 28 మొదటి పావులోనే ఉంటుంది. అక్కడ 3 శాతమంటే దాదాపు 5 పాయింట్లు! ముందు టైరులో 20 ఉన్నా, 30 ఉన్నా అది 25 అనే చూపించవచ్చు. పంక్చర్ షాపుల్లో తరచూ ఉండేది ఈ పెద్ద గేజే, పైగా రోజుకు పదిసార్లు నేల మీద పడుతుంది. లోపల ముల్లును తిప్పే వంపు లోహపు గొట్టం (బోర్డన్ ట్యూబ్) దెబ్బతిని వంగితే ముల్లు సున్నాకి తిరిగి రాదు.

రబ్బరు గొట్టం ఎందుకో వెనక చక్రం చూస్తే తెలుస్తుంది. ఒకపక్క చైను పళ్ళచక్రం, ఇంకోపక్క డ్రమ్ము, మధ్యలో ఊచలు. కడ్డీ గేజ్ అక్కడ నిటారుగా కూర్చోదు, పక్కకి వంగి బుస్సుమంటుంది. కారు టైరులో అలా పోయే గాలి లెక్కలోకి రాదు గానీ బండి టైరులో పట్టే గాలే తక్కువ, రెండుసార్లు బుస్సుమంటే అంకె మారిపోతుంది.

ఇక బటన్. అసలు ఉపయోగం దీనిదే. కంపెనీ చెప్పే అంకె చల్లని టైరుకి. అంటే బండి కనీసం 3 గంటలు నీడలో నిలిచి ఉండాలి. బంకు దాకా నడిపేసరికి టైరు వేడెక్కి 2, 3 పాయింట్లు పెరిగి ఉంటుంది. అందుకని బంకులో కావాల్సినదానికన్నా 5 పాయింట్లు ఎక్కువ కొట్టించి (బంకులో గాలి ఉచితమే, అడగడానికి మొహమాటపడొద్దు), మర్నాడు పొద్దున్నే ఇంట్లో బటన్ నొక్కుతూ సరైన అంకెకు దించుకోవాలి. బటన్ లేని గేజ్‌తో ఇది చేయాలంటే వాల్వ్ పిన్ను గోరుతో నొక్కడం, మళ్ళీ గేజ్ పెట్టడం, మళ్ళీ నొక్కడం. వేడి టైరులో ఎక్కువ కనిపించిందని గాలి తీసేయడం మాత్రం వద్దు, చల్లారాక తక్కువైపోతుంది.

ఎంత పెట్టాలన్నది చైను కవరు మీదో, స్వింగ్ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో ఉన్న స్టిక్కరు చెబుతుంది. పల్సర్ 150 కి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32. కొన్ని చిన్న బళ్ళలో ఇద్దరికి వెనక 40 దాటుతుంది, చూసి కంగారుపడక్కర్లేదు. టైరు పక్కన అచ్చేసిన అంకె అది తట్టుకునే గరిష్ఠం, పెట్టాల్సినది కాదు. కుందులి సంత నుంచి అల్లం బస్తా కట్టుకొచ్చేవాళ్ళు బస్తాను రెండో మనిషి కింద లెక్కేసుకోవాలి.

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కేవాళ్ళకు చిన్న లెక్క. కోరాపుట్ ఎత్తు దాదాపు 870 మీటర్లు. పైన బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఎత్తు వల్ల గేజ్ ఒక పాయింటు ఎక్కువ చూపిస్తుంది. కానీ చలి దానికి ఎదురు లాగుతుంది: 10 డిగ్రీలు తగ్గితే పాయింటున్నర దాకా పడిపోతుంది. కింద 30 డిగ్రీల్లో 28 పెట్టిన టైరు, చలికాలం పొద్దున్న 10 డిగ్రీలున్న, కోరాపుట్ దగ్గరి సెమిలిగుడలో 26 దగ్గరికి వస్తుంది. అక్కడే రెండు రోజులు తిరిగేటట్టయితే పొద్దున్నే చూసి సరిచేసుకోవాలి. వానకు రోడ్డు జారుతుందని గాలి తగ్గించేవాళ్ళున్నారు. గాలి తగ్గితే టైరు గాడులు మూసుకుని నీళ్ళు బయటికి పోవు, బండి ఇంకా జారుతుంది.

స్టిక్కరు చిరిగిపోతేనో, వేరే సైజు టైరు వేయిస్తేనో ఒక పరీక్ష ఉంది. చల్లగా ఉన్నప్పుడు 28 పెట్టి, అరగంట మామూలు వేగంతో నడిపి, ఆగిన వెంటనే చూడాలి. 31 దగ్గర ఉంటే, అంటే పది శాతం పెరిగితే, సరిపోయినట్టు. 33 దాటితే మొదట పెట్టింది తక్కువ, టైరు నలిగి వేడెక్కింది. 29 దగ్గరే ఉంటే ఎక్కువ పెట్టారు. ఇది ఆనవాలు మాత్రమే, స్టిక్కరు ఉంటే దాని మాటే వినాలి.

డిజిటల్ గేజ్ చెడ్డదేం కాదు. కాకపోతే సెల్లు అయిపోయే ముందు అంకెలు నమ్మలేం, పైగా పొరపాటున యూనిట్ మారిపోతుంది. 2.0 బార్ అంటే 29 పాయింట్లు, 2.0 కేజీ (చదరపు సెంటీమీటరుకు) అంటే 28న్నర లోపే. బ్యాటరీ పంపు కొంటే దాని తెర మీది అంకెను ఈ డయల్‌తో ఒకసారి సరిపోల్చి, ఎంత తేడానో పంపు మీద రాసి అంటించండి.

గేజ్ సరిగ్గానే ఉండి, వారానికి 4 పాయింట్లు పోతుంటే వాల్వ్ చూడాలి. సబ్బునీళ్ళు వేస్తే బుడగ వస్తుంది, పిన్ను మార్చితే చాలు. ట్యూబు టైరులో వాల్వ్ ఒక పక్కకి వాలి కనిపిస్తే, గాలి తక్కువై టైరుతో పాటు ట్యూబు రిమ్ము మీద జరిగిందని అర్థం. అప్పుడు గాలి కొట్టి ఊరుకోకుండా టైరు విప్పించి ట్యూబు సర్దించాలి, లేకపోతే వాల్వ్ మొదట్లో చిరుగుతుంది. అక్కడ చిరిగిన ట్యూబుకు ప్యాచ్ నిలవదు.