ఇంటర్ మీదుగా బీటెక్కా, పది కాగానే ఐటీఐనా?

భీమవరం చుట్టుపక్కల కొందరు కుర్రాళ్లు పది కాగానే ఐటీఐ అంటున్నారు. వాళ్లు చదువంటే భయపడి కాలేజీకి దూరమవుతున్నారని నేననుకోను. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు అయ్యాక కూడా హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్‌కి డబ్బు కట్టే అన్నల్ని వాళ్లు చూస్తున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ టెన్షన్ అమ్మానాన్నలది.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లే. పని ఊళ్లోనే ఉంది. వనామీ రొయ్యల చెరువుల్లో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది. వెలుతురు లేక నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు సరికదా, ఉన్నది తానే వాడుకుంటుంది. ఆ వేళ నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ మోటారు ఆగిందా, తెల్లారేసరికి పంట పోయినట్టే. అందుకే మోటారు బాగుచేసే మనిషికి రైతు అర్ధరాత్రైనా ఫోన్ చేస్తాడు. అయితే తడిలో కరెంటు పని ప్రాణాలమీదికి తెస్తుంది. రొయ్య ధర పడితే ఇవ్వాల్సిన డబ్బూ ఆగుతుంది. చాలా ఇంజనీరు పోస్టులకు బీటెక్కే అడుగుతారు.

చేతిపని మీద ఇష్టమున్న పిల్లాణ్ణి బలవంతంగా ఇంటర్‌లో వేయకండి. ఐటీఐ చిన్నదనిపిస్తే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. మూడేళ్ల డిప్లొమా చేశాక, కావాలనుకుంటే ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.