కారు సర్వీసు గొడవ: కౌంటరా, కంపెనీయా, కమిషనా? ఏది మేలు?

పోయిన ఏడాది ఏప్రిల్లో మా కారు ఏసీ చల్లగా రావడం మానేసింది. శ్రీకాకుళంలో ఎప్పుడూ ఇచ్చే సర్వీసు సెంటరుకే తీసుకెళ్లాను. కంప్రెసర్ పోయిందన్నారు, మార్చారు, 31,400 తీసుకున్నారు. పదకొండో రోజు అరసవల్లి నుంచి ఇంటికొస్తుంటే మళ్లీ వేడి గాలి. బండి వెనక్కి తీసుకెళితే ఈసారి కండెన్సర్ లీకవుతోందట, ఇంకో 14 వేలట. "అప్పుడు బాగానే ఉంది సార్, ఇప్పుడే పోయింది" అన్నాడు అడ్వైజర్.

నరసన్నపేటలో మా బావకి తెలిసిన ఏసీ మెకానిక్ ఉన్నాడు. బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి, కండెన్సర్ కింద పైపు కలిసేచోట వేలుతో గీశాడు. వేలికి నల్లటి మడ్డి అంటుకుంది. గ్యాసు కారితే దాంతోపాటు కంప్రెసర్ నూనె కూడా సన్నగా వస్తుంది, ఆ తడికి రోడ్డు దుమ్ము పట్టేస్తుంది. "ఇది పది రోజుల మడ్డి కాదు బాబూ, నెలల్ది" అన్నాడు. అంటే జబ్బు మొదటినుంచీ కండెన్సర్‌దే. బావ అయితే ఒకటే మాట: "ఏటి బావా, ముప్పై వేలు కట్టీసినావా? పాత కంప్రెసర్ అడగలేదేటి?" అడగలేదు మరి.

ఇక్కడినుంచి నా ముందు నాలుగు దారులు కనిపించాయి.

మొదటిది కౌంటరు దగ్గరే తేల్చుకోవడం. మనలో నూటికి తొంభైమంది చేసేది ఇదే, గొంతు పెంచి మరీ. అడ్వైజర్‌కి బిల్లులో వంద రూపాయలు తగ్గించే అధికారం కూడా ఉండదు. వర్క్స్ మేనేజరుకి కాస్త ఉంటుంది గానీ, అది లేబర్ వరకే. కానీ కౌంటరు దగ్గర తప్ప మరెక్కడా దొరకనివి రెండున్నాయి: జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకుని సంతకం తీసుకునే కాగితం), పాత పార్టు. నా జాబ్ కార్డులో "ఏసీ చెక్" అని రెండు ముక్కలే ఉన్నాయి. నేను చెప్పింది వేరు: బండి స్టార్ట్ చేసిన పది నిమిషాలు చల్లగా వచ్చి తర్వాత వేడెక్కుతోంది అని. ఆ మాట అక్కడ రాసి ఉంటే సగం వాదన అయిపోయేది. సంతకం పెట్టేముందు మన ఫిర్యాదు మన మాటల్లో రాయించుకోవాలి, మార్చిన పార్టు వెనక్కివ్వాలని కూడా.

బిల్లు కట్టనని బండి అక్కడే వదిలేయాలా అంటే, వద్దనే అంటాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, పనిచేసినవాడు తన కూలి వచ్చేదాకా వస్తువు తన దగ్గరే ఉంచుకోవచ్చు. గేట్ పాస్ ఇవ్వరు, రోజులు గడుస్తాయి, కారు లేక తిప్పలు మనవి. డబ్బు కట్టి, బిల్లు కాపీమీద "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి, అదే మాట ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి.

రెండోది బావ చెప్పింది: బయట చేయించుకుని వదిలేయడం. కండెన్సర్ బయట 6,500కే అవుతుందన్నాడు మెకానిక్. మనశ్శాంతికి ఇదే మేలు, కాదనను. కానీ కొత్త కండెన్సర్ వేసిన క్షణాన ఆ మడ్డీ పోతుంది, మన సాక్ష్యమూ పోతుంది. వారంటీలో ఉన్న బండి అయితే వాళ్లకి సాకు కూడా దొరుకుతుంది. ఫోటోలు, వీడియో తీసి, మెకానిక్ చేత కాగితంమీద రాయించుకున్నాకే చెయ్యి వేయించాలి. నేను ఫోటోలు తీసుకుని బండి అలాగే ఉంచాను. మే నెల ఎండలో అద్దాలు దించుకుని తిరిగాను లెండి.

మూడోది కంపెనీకి రాయడం, పక్కనే 1915కి ఫోన్ చేయడం. ఈ రెండూ కలిపి చేస్తేనే పనిచేస్తాయని నా లెక్క. డీలరు వేరు, బండి తయారుచేసిన కంపెనీ వేరు. కౌంటరు దగ్గర మన అరుపులు పై వాళ్లకి వినపడవు, మెయిల్ వినపడుతుంది. 1915 అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. తీర్పు చెప్పే అధికారం దానికి లేదు, ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది, అంతే. అయినా ఫిర్యాదు నంబరు పడితే ఫైలు కదులుతుంది.

నాలుగోది జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, డీలరు విశాఖపట్నంలో ఉన్నా సరే. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు. సర్వీసు గొడవకి బిల్లు లెక్క, బండిలోనే లోపమంటే బండి ధర లెక్క. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలు. వాయిదాల సంగతి మీకు నేను చెప్పాలా? ట్యాక్సీ సొంతంగా నడుపుకుని బతికేవాళ్లు కూడా వినియోగదారులే. పది బండ్లు తిప్పే ట్రావెల్స్ వాళ్లకి మాత్రం అక్కడ చిక్కు.

పోలీస్ స్టేషను, గూగుల్లో ఒక్క స్టారు అంటారా? మొదటిదాంట్లో "సివిల్ మేటర్" అంటారు, రెండోదానికి "మమ్మల్ని సంప్రదించండి" అని అచ్చు జవాబు వస్తుంది.

ఇంజినో, గేర్‌బాక్సో పోయి లక్షల్లో తేడా వస్తే నేనైతే నోటీసు ఇచ్చి నేరుగా కమిషన్‌కే వెళతాను. పదివేలూ ఇరవైవేల గొడవకి మూడో దారే మేలు, నాలుగోది జేబులో ఉంచుకుని.

నేను చేసింది అదే. ఇరవైమూడో రోజు విశాఖపట్నం నుంచి కంపెనీ మనిషి వచ్చాడు, మడ్డి ఫోటోలు చూశాడు, ఎక్కువ మాట్లాడలేదు. కండెన్సర్ ఉచితంగా వేశారు, కంప్రెసర్ మార్చిన లేబర్ 3,200 వెనక్కిచ్చారు. "ఇక ఏ అభ్యంతరమూ లేదు" అని అచ్చేసిన కాగితం సంతకానికి తెచ్చారు. ఆ వాక్యం కొట్టేసి, "కండెన్సర్, లేబర్ వరకు" అని రాసి సంతకం చేశాను. కుర్రాడు లోపలికెళ్లి అడిగొచ్చి తీసుకున్నాడు.

"మరి కంప్రెసర్ డబ్బులో?" అంటాడు బావ, కనిపించినప్పుడల్లా. వచ్చే ఏడాది ఏప్రిల్ దాకా గడువుంది. కాగితాలు బీరువాలోనే ఉన్నాయి.