కౌలు కోర్టుకి మూడు చుక్కలు

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి మూడు. నాలుగు ఇద్దామనుకుని ఒకటి వాయిదాల కింద కోసేశాను. ఆ మూడులో కూడా సగం చుక్క కోర్టు గేటు పక్కన పెసరట్లు వేసే ఆవిడకి చెందుతుంది. ఆవిడ లేకపోతే ఏడాదిన్నర పాటు ఆ వరండాలో నిలబడగలిగేవాణ్ని కాదు.

నేను పోస్టాఫీసులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. కోనసీమలో మా అమ్మ వైపు నుంచి వచ్చిన ఎకరం అరవై సెంట్ల చేను ఉంది. కాలువ కింద భూమి, సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి) రెండూ పండుతాయి. నాన్నగారి రోజుల నుంచీ ఒకే కుటుంబం కౌలుకి చేస్తోంది. ముందు తండ్రి, ఇప్పుడు కొడుకు. కాగితం లేదు, సంతకం లేదు. సంక్రాంతికి ముందోసారి, దాళ్వా కోతలయ్యాక ఓసారి మక్తా, అంటే కౌలు కింద ఇచ్చే ధాన్యం, తెచ్చి ఇచ్చేవారు. మా ఆవిడ కాఫీ ఇచ్చేది. ఇరవై తొమ్మిదేళ్లు అలాగే నడిచింది.

గొడవ 2023 సార్వాతో మొదలైంది. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ వాన మా దగ్గరా వదల్లేదు. కోసి పడేసిన పనలు చేలోనే నానాయి. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, నీళ్లు లాగితేగా! గింజ మొలకెత్తింది. ఆ సార్వాకి మక్తా ఒక్క బస్తా రాలేదు. తర్వాత దాళ్వాకి 18 బస్తాలు తెచ్చి, "ఈ ఏటికి ఇంతేనండి మేస్టారండి" అన్నాడు. నా లెక్క ప్రకారం ఎకరాకి ఏడాదికి 28 బస్తాలు, అంటే మొత్తం మీద 45. అతని లెక్క 24 చొప్పున 38, అందులో సార్వా పోయింది కాబట్టి అదీ లేదు. మాటామాటా పెరిగింది. కాఫీ చల్లారిపోయింది.

ఇక్కడో సంగతి దాచకుండా చెప్పాలి. ఆ సమయంలోనే మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, చేపల చెరువుకి లీజుకిస్తే ఇంతకి రెండింతలు వస్తుందని లెక్కలు చెబుతున్నాడు. నేను కోర్టుకి వెళ్లడానికి మక్తా బాకీ ఎంత కారణమో ఆ చెరువు లెక్కా అంతే కారణం. పిటిషన్‌లో అది రాయలేదు లెండి.

ఇంతకీ ఇది ఏ కోర్టు అంటే, పొలం కౌలు తగాదాలకి ఆంధ్రా ప్రాంతంలో వేరే ఏర్పాటు ఉంది. 1956 నాటి ఆంధ్రా కౌలుదారీ చట్టం. దాని కింద స్పెషల్ ఆఫీసర్ తీర్పు చెబుతారు. స్పెషల్ ఆఫీసర్ అంటే ఏదో వేరే ఆఫీసు, వేరే బోర్డు ఉంటాయనుకుని వెతక్కండి, నేను వెతికి భంగపడ్డాను. జూనియర్ సివిల్ జడ్జి గారే ఆ స్పెషల్ ఆఫీసర్. అదే హాలు, అదే కుర్చీ. పొద్దున్న ప్రామిసరీ నోటు కేసు విన్న ఆయనే మన ఫైలు తియ్యగానే స్పెషల్ ఆఫీసర్ అయిపోతారు. మన నంబరు ముందు ఏటీసీ అని ఉంటుంది, అంటే ఆంధ్రా టెనెన్సీ కేసు. బెంచి క్లర్కు ఆ మూడక్షరాలు ఒక ప్రత్యేకమైన విసుగుతో పిలుస్తాడు. ఇళ్ల అద్దెలకీ షాపుల అద్దెలకీ దీనికీ సంబంధం లేదు, అవి వేరే చట్టం కిందికి వెళ్తాయి.

మామూలు సివిల్ దావా వేస్తే ఏం అన్నాను మా ప్లీడరు గారితో. "కౌలుదారుని పంపించాలంటే ఇదొక్కటే గుమ్మం మేస్టారూ, వేరే గుమ్మంలోకి వెళ్తే ఇక్కడికే తిప్పి పంపిస్తారు" అన్నారు. అదీగాక ఊరికే లేచిపొమ్మంటే కుదరదు. మక్తా ఎగ్గొట్టాలి, లేదా భూమిని పాడు చెయ్యాలి, లేదా ఇంకొకరికి తిరిగి కౌలుకిచ్చెయ్యాలి, అలాంటి కారణం చూపించాలి. 1974లో చేసిన సవరణతో కౌలు గడువు కనీసం ఆరేళ్లు. అమ్ముకోవాలన్నా ముందు ఆ కౌలుదారునే కొంటావా అని అడగాలి. ఇవన్నీ ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు చల్లబడింది. ఇరవై తొమ్మిదేళ్లు మక్తా తీసుకున్నాను గానీ ఆ చట్టంలో ఒక్క వాక్యం చదవలేదు.

మా వైపు భూమున్న ప్రతివాడి నోటా ఒకటే మాట వింటారు: "కాగితం ఇవ్వకు, కాగితం ఇస్తే చేను పోయినట్టే." నాన్నగారు అదే చెప్పారు, నేను అదే పాటించాను. ఈ కోర్టుకి వెళ్లాక తెలిసింది, నోటిమాట కౌలు కూడా ఈ చట్టం ముందు కౌలే. అతను ఇన్నేళ్లు దున్నుతున్నాడని ఊరంతా చెబుతుంది, నేనూ కాదనలేను. అంటే కాగితం ఇవ్వకపోవడం వల్ల అతని హక్కు ఏమీ పోలేదు. పోయిందల్లా నా మక్తా ఎంతో చూపించుకునే దారి! ఈ ఒక్క ముక్క ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఈ రివ్యూ రాసే పని ఉండేది కాదు.

2024 మే నెలలో రిజిస్టరు పోస్టులో నోటీసు పంపించాను. ఎకనాలెడ్జిమెంటు కార్డు మీద అతని సంతకం చూస్తే ఏదోలా అనిపించింది. సర్వీసులో ఎన్ని వందల లాయరు నోటీసుల మీద ముద్ర కొట్టి పంపి ఉంటాను, ఒక్కదాంట్లో ఏముందో ఆలోచించలేదు. (ఆ రిజిస్టరు పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అది వేరే బాధ, ఇక్కడొద్దు.) జూన్‌లో పిటిషన్ వేశాం.

సర్వీసు ఎలా ఉందంటే, స్టాఫ్ మర్యాదగానే ఉన్నారు. అటెండరు పెద్దవాళ్లని చూస్తే బెంచీ చూపిస్తాడు. బెంచీలు మూడు, వచ్చేవాళ్లు అరవై మంది. ఫ్యాను ఒకటి తిరుగుతుంది, దాని కిందికి చేరాలంటే తొమ్మిదిన్నరకే వెళ్లాలి. మంచినీళ్లు ఉన్నాయి. బాత్రూము గురించి అడగొద్దు. కేసు వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి ఈకోర్ట్స్ యాప్ మాత్రం బాగుంది. కేసుకిచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే తేదీ చూపించేస్తుంది, గుమస్తాకి ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు. ప్లీడరు గారి ఫీజు 15 వేలు, జిరాక్సులు, రానుపోను బస్సులు కలిపి ఇంకో నాలుగు వేలు దాకా అయ్యుంటుంది.

వాయిదాల మీదే నా కోపం. మొత్తం పద్నాలుగు. కౌంటరు, అంటే మా పిటిషన్‌కి జవాబు, వెయ్యడానికి అతను మూడు తీసుకున్నాడు. వేసవి సెలవులు ఒకసారి, దసరా సెలవులు ఒకసారి మింగేశాయి. ఓసారి జడ్జి గారు ట్రెయినింగ్‌కి వెళ్లారు, ఓసారి బదిలీ అయి కొత్తవారు వచ్చారు, ఓసారి మా ప్లీడరు గారింట్లో పెళ్లి. కేంద్రం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో ఇళ్ల తగాదాని 60 రోజుల్లో తేల్చాలని రాశారట. పొలానికి కూడా అలాంటిదొకటి పెట్టాలి. ఇల్లు ఖాళీగా ఉంటే అద్దె పోతుంది గానీ, పొలం క్యాలెండరు వేరు. కాలువకి జూన్‌లో నీళ్లొస్తాయి, నారు ఆగదు, వాయిదా కోసం ఊడ్పులు ఆగవు. కేసు నడుస్తున్నన్నాళ్లూ చేను అతనే చేశాడు, మూడు పంటలు తీశాడు. నేను బస్సు కిటికీలోంచి చూసుకుంటూ కోర్టుకి వెళ్లేవాణ్ని. చెప్పకేం, చేను బాగానే చేశాడు. గట్లు చెక్కి, బోదె తీసి, అద్దంలా ఉంచాడు.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్ సంగతి. ఈ భాగం నిదానంగా రాస్తాను, ఎందుకంటే ఈ కోర్టుకి నేనిచ్చిన చుక్కల్లో ఒకటి పూర్తిగా దీనికే.

బోనులో నిలబెట్టి అతని ప్లీడరమ్మ, చిన్న పిల్ల, మా మనవరాలి వయసుంటుంది, మొదటి ప్రశ్న అడిగింది. "మీరు ఏం ఉద్యోగం చేశారండి?"

పోస్టాఫీసు అన్నాను.

"అంటే మనియార్డరుకి, రిజిస్టరుకి, సేవింగ్స్‌కి, అన్నిటికీ రసీదులు ఇచ్చేవారు?"

ఇచ్చేవాణ్ని అన్నాను. ఎక్కడికి వస్తోందో అప్పుడే తెలిసిపోయింది.

"ఈయనకి ఇరవై తొమ్మిదేళ్లలో ఎన్ని రసీదులు ఇచ్చారు?"

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు, తలెత్తి నా వంక చూశారు. ఒక్కటీ ఇవ్వలేదండీ అన్నాను. మరి 28 బస్తాలని దేన్నిబట్టి చెబుతున్నారంది. మా ఆవిడ క్యాలెండరు మీద రాసుకుంటుంది అన్నాను. ఆ క్యాలెండర్లు ఉగాది వచ్చినప్పుడల్లా పాతసామాన్లవాడికి పోయాయి.

అంతటితో అయిపోలేదు. నా బ్యాంకు పాస్‌బుక్ చూపించమంది. 2024 మార్చిలో 11 వేల చిల్లర జమ ఉంది. అది ఏంటండీ అంది. తుపానుకి పంట పోయినందుకు ప్రభుత్వం ఇచ్చిన ఇన్‌పుట్ సబ్సిడీ. పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో పేరు నాది. సాగు చేసింది అతను, నానిన పనలు అతనివి, డబ్బు నా ఖాతాలో పడింది. నేను దాని గురించి అతనికి చెప్పలేదు. నిజం చెప్పాలంటే పాస్‌బుక్‌లో చూసుకుని, భూమి నాది కదా, నాకే వచ్చుంటుందిలే అని సర్దుకున్నాను. సర్దుకోవడం ఎంత సులువో బోనులో చెప్పడం అంత కష్టం. అప్పటికి అతనికీ తెలియదనుకుంటా, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అతని వంతు వచ్చినప్పుడు అతనూ తేలిపోయాడు, అది వేరే విషయం. 24 బస్తాలకి ఒప్పుకున్నామన్నాడు గానీ, ఎప్పుడు, ఎవరి ముందు అంటే తడబడ్డాడు. ఇద్దరివీ నోటిమాటలే. మధ్యలో మిల్లు గుమస్తా చిట్టా ఒకటి దొరికింది, అందులో నా పేరున తోలిన బస్తాలు అతను చెప్పిన లెక్క కన్నా ఎక్కువే ఉన్నాయి. అంటే లెక్క నా వైపే కాస్త మొగ్గింది. కానీ ఆ పాస్‌బుక్ తర్వాత నాకు గెలిచిన రుచి పోయింది.

జడ్జి గారే అన్నారు, తీర్పు ఇస్తే ఓడినవాళ్లు 30 రోజుల్లో జిల్లా జడ్జి గారి దగ్గరికి అప్పీలుకి వెళ్తారు, ఆ పైన హైకోర్టు, ఒకసారి రాజీకి లోక్ అదాలత్‌లో కూర్చోండి అని. 2025 డిసెంబరులో జాతీయ లోక్ అదాలత్ పెట్టిన శనివారం వెళ్లాం. బోనూ లేదు, పిలుపూ లేదు. చెక్క బల్ల చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. దానికి ఫీజు లేదు, అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఇది ముందే ఎందుకు చెప్పలేదని మా ప్లీడరు గారిని అడిగితే, ముందే చెబితే మీరు వినేవారా అన్నారు. వినేవాణ్ని కాదు.

ముప్పావు గంటలో తేలింది. ఇక మీద ఎకరాకి 26 బస్తాలు. పాత బాకీ 14 బస్తాలుగా తేల్చారు. సబ్సిడీ సొమ్ము ఆ ఏటి మద్దతు ధర క్వింటా 2,183 రూపాయల చొప్పున లెక్కగడితే 75 కిలోల బస్తాలు ఏడు దాకా వచ్చింది, అది అందులోంచి తీసేశారు. మిగిలిన ఏడు రెండు దాళ్వాల్లో ఇస్తాడు. తుపానుకో వరదకో సార్వా పోతే ఆ పంట మక్తా సగం. చెరువు మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా అబ్బాయికి వారం తర్వాత చెప్పాను, ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇంకొకటి కూడా అక్కడే ఒప్పుకున్నాను. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం మీద సంతకం పెడతానని. 11 నెలల కాగితం అది, దానివల్ల భూమి మీద అతనికి ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసుంది. దానితో అతనికి బ్యాంకు అప్పు, బీమా, నష్టపరిహారం అతని పేరునే వస్తాయి. మా ఊళ్లో దాని మీద సంతకం పెట్టిన భూమిదారుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, నన్నూ చూసి తలకాయ తిప్పుకున్నవాళ్లున్నారు.

ఎవరైనా ఈ కోర్టుకి వెళ్లేటట్టుంటే పొద్దున్నే వెళ్లండి, పాస్‌బుక్ ముందు మీరే ఓసారి తిరగేసుకోండి, పెసరట్టు పదకొండు తర్వాత దొరకదు.

సంక్రాంతికి ముందు అతను సార్వా మక్తా తాలూకు ధాన్యం సొమ్ము తెచ్చాడు. 5 వేలు దాటిన నగదు కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, తేదీ వేసి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, అడ్డంగా సంతకం పెట్టి ఇచ్చాను. మా ఆవిడ కాఫీ తెచ్చింది. అతను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుగుకి పెట్టి చూసి, "మేస్టారండి, గుండ్రం ముద్ర కొట్టలేదేంటండి?" అన్నాడు.