లైనక్స్‌కి మారేటప్పుడు విండోస్‌ని ఏం చేయాలి? డ్యూయల్ బూట్, పూర్తిగా తుడిచేయడం, వేరే డిస్క్: ఏది మేలు?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం లేకనో, ప్రాసెసర్ పాతదయ్యో విండోస్ 11 ఎక్కని మెషీన్లు చాలా మంది దగ్గర ఉండిపోయాయి. అప్పటి నుంచి నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి, "ఏ లైనక్స్ వేసుకోమంటారు?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "విండోస్ ఉంచాలా, తీసేయాలా?" మొదటిదాని మీద గంటల తరబడి వాదించుకుంటాం గానీ, కొత్తగా వచ్చినవాళ్ళు నిలబడతారా, నెల తిరక్కుండా వెనక్కి పోతారా అన్నది తేలేది రెండోదాని దగ్గరే.

మొదటిదానికి నా జవాబు లైనక్స్ మింట్, సినమన్ ఎడిషన్. ఉబుంటు అనే ఇంకో లైనక్స్ రకం పునాది మీద కట్టిందే కాబట్టి ఉబుంటు కోసం రాసిన చిట్కాలు చాలావరకు దీనికీ పనికొస్తాయి. మెనూ మీకు అలవాటైన మూలలోనే ఉంటుంది. టైమ్‌షిఫ్ట్ దాంతోపాటే వస్తుంది, అప్‌డేట్ ఏదైనా బెడిసికొడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తీసుకుపోవచ్చు. ఇంకో చిన్న సంగతి. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) సుడో, అంటే అడ్మిన్ అనుమతి, కోసం పాస్‌వర్డ్ కొడుతుంటే మింట్ నక్షత్రం గుర్తులు చూపిస్తుంది. ఉబుంటు 24.04లో ఏమీ కనపడదు. కీబోర్డు పోయిందనుకుని కంగారుపడినవాళ్ళని చూశాను, అందుకని చెబుతున్నాను. ఫెడోరా అనే మరో లైనక్స్ బాగుంటుంది కానీ ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు 13 నెలలే. కాస్త అలవాటయ్యాక చూసుకోండి.

ఇక విండోస్ సంగతి.

ఎక్కువమంది చేసేది డ్యూయల్ బూట్. నేనూ మొదట అదే చేశాను. ఉన్న డిస్క్‌లోనే కొంత జాగా చేసి పక్కన లైనక్స్ వేసుకోవడం, ఆన్ చేసినప్పుడల్లా గ్రబ్ మెనూలో ఏది కావాలో ఎంచుకోవడం. చెప్పుకోవడానికి ఇంతకంటే భద్రమైన దారి లేదు. కానీ రెండో రోజే డీ డ్రైవ్‌లో ఫొటోలు సర్దబోతే ఒక్క ఫైలు కూడా సేవ్ కాలేదు, ఆ డ్రైవ్ రీడ్-ఓన్లీ అయి కూర్చుంది. తప్పు నాదే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపలేదు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూసుకోదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్ మీద రాస్తే పాడవుతుందని లైనక్స్ ముట్టుకోదు. తర్వాత గడియారం. లైనక్స్ నుంచి విండోస్‌కి వెళ్ళిన ప్రతిసారీ టైమ్ కొన్ని గంటలు తప్పు చూపించేది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయం అని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లైనక్స్ అనుకుంటుంది. ఒకరు సరిచేసింది ఇంకొకరు చెడగొడుతుంటారు.

ఇవన్నీ ఒక్కొక్కటీ పది నిమిషాల్లో సరిచేసుకోగలిగేవే. డ్యూయల్ బూట్‌తో నాకున్న అసలు పేచీ వేరే.

ఒక సాయంత్రం ఏదో కాగితం స్కాన్ చేసి పంపాల్సి వచ్చింది. లైనక్స్‌లో స్కానర్ ప్రోగ్రామ్ ఎక్కడుంటుందో తెలియదు. వెతికితే దొరికేదే, కానీ రీస్టార్ట్ కొట్టడం అంతకంటే సులువు. విండోస్‌లోకి వెళ్ళాను, స్కాన్ చేశాను, మెయిల్ పంపాను. అక్కడ బ్రౌజర్ ఎలాగూ తెరిచే ఉంది కదా అని మిగతా రాత్రంతా అక్కడే గడిపేశాను. మర్నాడు ఇంకో పని, ఇంకో రీస్టార్ట్. మూడో వారానికి గ్రబ్ మెనూలో విండోస్‌ని మొదటి వరసలోకి నా చేతులతో నేనే తెచ్చుకున్నాను, ప్రతిసారీ కిందికి బాణం నొక్కడం విసుగై. లైనక్స్ ఎక్కడా చెడిపోలేదు. నాకు నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు, అంతే. "ట్రై చేశాను, నాకు పడలేదు" అనేవాళ్ళని కదిపితే పదిమందిలో ఏడెనిమిది మంది కథ ఇదే అని నా అనుభవం.

దీనికి పూర్తిగా ఎదురు దారి విండోస్‌ని తుడిచేయడం. పడవ తగలబెట్టి ఒడ్డెక్కే రకం వాళ్ళకి ఇది పనిచేస్తుంది. వేరే గతి లేదు కాబట్టి స్కానర్ ప్రోగ్రామ్ ఆ సాయంత్రమే దొరుకుతుంది. కానీ భయం ఫైళ్ళ గురించి కాదు, ఫైళ్ళని అందరూ కాపీ చేసుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉంటాయి: సింక్ కాని బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, ఎప్పుడో డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఫైలుగా పెట్టిన బ్యాకప్ కోడ్‌లు, ఒకే మెషీన్‌కి లైసెన్స్ ఇచ్చే పాత సాఫ్ట్‌వేర్‌ని డీయాక్టివేట్ చేయడం. ఇవి గుర్తొచ్చేసరికి డిస్క్ ఫార్మాట్ అయిపోయి ఉంటుంది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి ముందే, విండోస్‌లో ఉండగానే చేసి పెట్టుకోండి. లైనక్స్‌కి వచ్చాక చేసుకుందామంటే చిక్కే. విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టింది) లోపలి ఒక్క ఫైలు తరచూ 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో పట్టదు. వెంటాయ్ లాంటి టూల్‌తో దారి ఉంది గానీ, ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం ఎందుకు?

నేను చివరికి కుదురుకున్నది మూడో దారిలో. ఒక చిన్న ఎస్ఎస్‌డీ కొని, విండోస్ ఉన్న డిస్క్‌ని స్క్రూలు విప్పి బయటికి తీసేసి, కొత్తదాని మీద మింట్ వేశాను. తీసేయడం ముఖ్యం. రెండు డిస్క్‌లూ లోపలే ఉంచి ఇన్‌స్టాల్ చేస్తే, మీరు రెండోదాన్ని ఎంచుకున్నా ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్ళని తీసుకెళ్ళి మొదటి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (మెషీన్ ఆన్ కాగానే చూసే చిన్న భాగం) పెట్టే సందర్భాలున్నాయి. అప్పుడు వేరే డిస్క్ అన్న మాటకి అర్థం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైళ్ళనే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ పైకి లేవలేదు. పాత, లోపాలున్న బూట్‌లోడర్లని (సిస్టమ్‌ని పైకి లేపే ప్రోగ్రామ్‌లని) అడ్డుకోవడానికి చేసిన మార్పు అది. ఆ మార్పు డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో రాసుకుంటుంది. కాబట్టి రెండో డిస్క్‌లో లైనక్స్ పెట్టుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు. బయటికి తీసి డ్రాయర్‌లో పెట్టిన విండోస్ మాత్రం ఏ అప్‌డేటూ చేసుకోలేదు.

అయితే నాకు కలిసొచ్చింది టెక్నికల్ లాభం కాదు, ఆ స్క్రూలు. వెనక్కి వెళ్ళాలంటే మెషీన్ ఆపాలి, మూత తీయాలి, డిస్క్ మార్చాలి: పావుగంట పని. పోయిందేమీ లేదన్న ధైర్యం ఉంటుంది, అలాగని చిన్న చిరాకుకే పరిగెత్తలేం. టెర్మినల్‌లో కంట్రోల్-వీ నొక్కితే పేస్ట్ కాకపోవడం, షిఫ్ట్ కూడా కలపాలని తెలియడం ఆ పావుగంట బద్ధకం వల్లే జరిగింది. డౌన్‌లోడ్ చేసిన ఈఎక్స్ఈ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి ఎదురుచూడటం మాని సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరవడం కూడా. లిబ్రాఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్‌కి బదులు వాడేది) తెరిస్తే నా రిపోర్ట్‌లో టేబుల్ ఒకటి కింద పేజీలోకి జారింది. కాలిబ్రి ఫాంట్ లేదు కాబట్టి ఇంకోటి పెట్టుకుని తెరిచిందట. అదే కొలతల్లో గీసిన కార్లిటో ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే టేబుల్ మళ్ళీ పైకెక్కింది. డ్యూయల్ బూట్ రోజుల్లో అయితే ఇది తెలుసుకునేవాణ్ణి కాదు, రీస్టార్ట్ కొట్టేవాణ్ణి.

మూడు నెలల్లో పాత డిస్క్ రెండుసార్లు పెట్టాను. ఒకసారి ప్రింటర్ ఫర్మ్‌వేర్ కోసం, ఇంకోసారి పాత లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి డేటా బయటికి తీయడానికి. మామూలు ఫైళ్ళకైతే అదీ అక్కర్లేదు, యూఎస్‌బీ కేసులో పెట్టి తగిలిస్తే కాపీ అయిపోతాయి. విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. వర్చువల్ మెషీన్‌లో (విండోస్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్) లైనక్స్ చూడటానికి బాగుంటుంది, మారడానికి కాదు. అక్కడ మీ వైఫై, మీ గ్రాఫిక్స్ కార్డు పరీక్షకే రావు. విండోస్ లోపలే లైనక్స్ కమాండ్లు నడిపే డబ్ల్యూఎస్ఎల్ ప్రోగ్రామర్ల అవసరం, డెస్క్‌టాప్ మారేవాళ్ళకి సంబంధం లేదు. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడపడం) మాత్రం ఏ దారి పట్టినా ముందు చేయాల్సిన పని. అరగంట వాడి వైఫై, సౌండ్, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా, ఈ మూడూ చూడండి.

ల్యాప్‌టాప్‌లో ఒకటే స్లాట్ ఉండి, దాన్ని విప్పే ధైర్యం లేకపోతే? బయటి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ మీద లైనక్స్ వేసి బూట్ చేయొచ్చు, కేబుల్ కదలకుండా చూసుకుంటే చాలు. ఫొటోషాప్ మీద బతికేవాళ్ళు, వాలరెంట్ లాంటి, యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) ఉన్న ఆటలు వదల్లేనివాళ్ళు మాత్రం డ్యూయల్ బూటే చేసుకోండి, లైనక్స్‌లో అవి నడవవు. జాగా తగ్గించే పని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. గ్రబ్‌లో మొదటి వరస జోలికి మాత్రం పోకండి.